హామీదారు లేని మాట

రావులపాలెం బస్టాండు పక్కన టీ తాగి పది రూపాయల బిళ్ళ ఇచ్చాను. కొట్టాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీద నా వైపు నెట్టేశాడు.

“ఇయ్యి చెల్లటం లేదండి. నోటుంటే ఇవ్వండి.”

ఇది 2018 నాటి మాట. అప్పటికి నేను బ్యాంకులో చేరి 30 ఏళ్లు. మా బ్రాంచి స్ట్రాంగ్‌రూములో ఆ బిళ్ళలు సంచులకు సంచులు మూలుగుతున్నాయి. ఎవరికి ఇవ్వబోయినా వద్దంటున్నారు. “చెల్లుతాయండీ, నేను బ్యాంకులోనే చేస్తాను” అన్నాను కాస్త దర్జాగా.

“మీరు బ్యాంకోరు కాబట్టి మీకాడ చెల్లుతాయండి. నాకాడ పాలోడు తీసుకోడు, గ్యాసోడు తీసుకోడు. నేనేం చేసుకోనండి?”

నోటు తీసి ఇచ్చి వచ్చేశాను. చట్టం నా పక్కన ఉంది, బజారు ఆయన పక్కన ఉంది. టీ మాత్రం బజారులోనే కదా తాగాలి.

ఆ ఏడాది జనవరిలోనే రిజర్వు బ్యాంకు ఒక ప్రకటన చేసింది. పది రూపాయల బిళ్ళలు అప్పటిదాకా 14 డిజైన్లలో వచ్చాయనీ, రూపాయి గుర్తు ఉన్నవీ లేనివీ అన్నీ చెల్లుతాయనీ చెప్పింది. సందేహం ఉన్నవాళ్ల కోసం 14440 అనే టోల్ ఫ్రీ నంబరు కూడా పెట్టింది. మేము దాన్ని తెలుగులో రాసి బ్రాంచి తలుపుకు అంటించాం. జనం ఆ కాగితం కిందే నిలబడి బిళ్ళలు వద్దనేవారు. ఎందుకంటే వాళ్ల ఫోనులో ఇంకో ప్రకటన ఉంది: గీతలు పది ఉంటే అసలుది, పదిహేను ఉంటే దొంగది అని. అది ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. బావమరిది పంపాడు, ఆయనకు ఇంకెవరో పంపారు. ఒక ప్రకటన కింద రిజర్వు బ్యాంకు పేరుంది, రెండో దాని కింద ఎవరి పేరూ లేదు. గెలిచింది రెండోదే.

ఈ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, రిటైరయ్యి ఖాళీగా ఉన్నానని మా మేనల్లుడు నాకో పని చూపించాడు.

“మామయ్యా, ఈ రోజుల్లో బ్లాగులు ఎవరు చదువుతారు? రీల్స్ చెయ్యి. ‘బ్యాంకువాళ్లు మీకు చెప్పని ఐదు రహస్యాలు’ అని పెట్టామనుకో, లక్ష వ్యూస్ ఎక్కడికీ పోవు.”

వాడు హైదరాబాదులో ఒక స్టార్టప్‌లో పనిచేస్తున్నాడు. అది వాడి మూడో స్టార్టప్, మొదటి రెండూ మూతపడ్డాయి. వాడంటే నాకు ప్రాణం. కానీ 36 ఏళ్ల సర్వీసులో ఐదు రహస్యాలు కాదు కదా, ఒక్కటి కూడా నాకు తగల్లేదు. ఉన్న సంగతులన్నీ అప్లికేషన్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో అచ్చేసే ఉంటాయి. ఎవరూ చదవరు, అంతే. చదవనివన్నీ రహస్యాలైతే మన ఇళ్లలో గ్యాసు పుస్తకం కూడా రహస్యమే.

వాడికి అప్పుడే సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నది ఆ జవాబే, కాస్త ఆలస్యంగా.

1988లో భీమవరం దగ్గర ఒక బ్రాంచిలో క్లర్కుగా చేరాను. అప్పటి మా మేనేజరు గారు లోను కాగితాల మీద సంతకాలు తీసుకునే రోజున అప్పు తీసుకునేవాడి వైపు పెద్దగా చూసేవారు కాదు. పక్కన ఇబ్బందిగా నిలబడ్డ హామీదారుతో ఎక్కువసేపు మాట్లాడేవారు. “ఎందుకు పెడుతున్నారండీ సంతకం? ఈయన కట్టకపోతే మీ చేను మీదికి వస్తాం, తెలుసునా?” అని రెండుసార్లు అడిగేవారు. ఆ రెండో ప్రశ్నకు చేతులు వెనక్కి తీసుకున్నవాళ్లను నేను కళ్లారా చూశాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 128వ సెక్షను అని ఒకటుంది. అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీ ఉన్నవాడి బాధ్యతా అంతే అని దాని సారాంశం. సగం కాదు, వాడి తర్వాత కాదు, అంతే. “ఊరికే సంతకమే కదండీ” అని పెట్టేసిన ఒక మిల్లు గుమస్తా, పదేళ్ల తర్వాత నోటీసు పట్టుకొని మా కౌంటరు ముందు నిలబడి, అప్పు తీసుకున్న బావగారిని కాకుండా నన్ను తిట్టాడు. నాకు కోపం రాలేదు. ఆ మాట ఆయనకు అర్థమయ్యేలా ముందే చెప్పనివాళ్లలో నేనూ ఒకణ్ని.

ఆ ఉద్యోగం వల్ల నాకొక రోగం పట్టుకుంది. ఎవరు ఏ మాట చెప్పినా, దీనికి హామీ ఎవరు అనిపిస్తుంది. ఈ మాట తప్పయితే నష్టపోయేది ఎవరు? చెప్పినవాడా, విన్నవాడా? బ్లాగులైనా, సోషల్ మీడియా అయినా, స్టార్టప్పులైనా నేను చూసేది ఆ కన్నుతోనే. గొప్ప దృష్టి అని అనను. అలవాటు.

2007లో నన్ను వశిష్ఠ గోదావరి అవతల రాజోలు వైపు ఒక బ్రాంచికి వేశారు. పిల్లల చదువుల కోసం సంసారాన్ని పాలకొల్లులోనే ఉంచి, నేను అద్దె గదిలో ఉండేవాణ్ని. రాత్రి ఎనిమిదయ్యేసరికి ఊరు సద్దుమణిగేది. గదిలో ఇంటర్నెట్ పెట్టించుకున్నాను కానీ, వానాకాలంలో నెలకు సగం రోజులు అది పనిచేసేది కాదు. ఒక రాత్రి ‘లేఖిని’ దొరికింది. ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే ఎదురుగా తెలుగు పడుతోంది. ముందు మా అమ్మ పేరు కొట్టి చూసుకున్నాను. తర్వాత ‘కూడలి’ తెలిసింది. తెలుగులో ఎవరు ఏ టపా రాసినా అక్కడ వరసగా కనిపించేవి. వారం తిరిగేసరికి నాకూ ఒక బ్లాగు ఉంది.

మొదటి టపా హామీ సంతకం గురించే రాశాను, ఆ మిల్లు గుమస్తా కథ పేరు మార్చి. ఆరు వ్యాఖ్యలు వచ్చాయి. అందులో ఒకటి అమెరికా నుంచి. “మా నాన్న ఇలాగే సంతకం పెట్టి రెండెకరాలు అమ్ముకున్నాడండి. ఆయన తెలివితక్కువవాడని ఇన్నేళ్లూ అనుకున్నాను. మీది చదివాక ఫోన్ చేసి మాట్లాడాను” అని. 36 ఏళ్ల సర్వీసులో నాకు వచ్చిన మెమోలూ మెచ్చుకోలు లెటర్లూ ఎక్కడున్నాయో తెలియదు. ఆ వ్యాఖ్య మాత్రం ప్రింటు తీసి దాచుకున్నాను.

ఇక్కడ నా బండారం నేనే బయటపెట్టుకోవాలి. ఆ బ్లాగు రాసింది మారుపేరుతో. ప్రభుత్వ బ్యాంకు ఆఫీసర్లకు ప్రవర్తనా నియమావళి ఉంటుంది. అనుమతి లేకుండా పత్రికలకు రాయకూడదు. సాహిత్యం, కళలు, సైన్సు అయితే మినహాయింపు. హామీ సంతకం గురించి రాస్తే అది సాహిత్యమా కాదా అని పైవాళ్లను అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఉద్యోగంలో చేరిన రోజున గోప్యత పత్రం మీద కూడా సంతకం పెడతాం, కస్టమరు సంగతి నోరు జారకూడదని. అందుకని పేర్లూ ఊళ్లూ మొత్తాలూ మార్చి, నా పేరు కూడా మార్చి రాశాను. మాటకు హామీదారు ఎవరని లోకాన్నంతా అడిగే నేను, నా మాట కింద నా సంతకం పెట్టలేదు.

అయితే మారుపేరుకూ ఒక లెక్క ఉందని తర్వాత తెలిసింది. ఒకే మారుపేరుతో పదేళ్లు రాస్తే దానికీ ఖాతా ఏర్పడుతుంది, జమలూ ఖర్చులూ పడతాయి. 2010లో ఒక టపాలో, మన పల్లెల్లో ఫోనుతో డబ్బు పంపుకోవడం జరిగే పని కాదని ఢంకా బజాయించి రాశాను. 2016లో యూపీఐ వచ్చింది. ఆ మరుసటేడు ఎవరో ఆ పాత టపా వెతికి పట్టుకుని, కింద “గురువుగారూ, అంబాజీపేటలో కొబ్బరిబొండాం తాగి ఇప్పుడే ఫోనుతో ఇచ్చాను” అని రాశాడు. టపా తీసేద్దామనిపించింది. తీసేయలేదు. పైన ఒక వాక్యం చేర్చాను, నేను తప్పు చెప్పానని. లెడ్జరులో తప్పు పడితే చెరపకూడదు, అడ్డగీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి. మాకు నేర్పింది అదే. బ్లాగు నాకు నచ్చడానికి కారణం కూడా అదే. నిన్నటి నా మాట ఎక్కడికీ పోదు. రీలులో అన్న మాటను మళ్లీ వెతికి నిలదీసే ఓపిక ఎవరికి ఉంటుంది? రేపటికి అది ఎటు పోతుందో చేసినవాడికే తెలియదు.

అలాగని ఆ బ్లాగుల కాలాన్ని స్వర్ణయుగం చేసి చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. అజ్ఞాత పేరుతో వచ్చి తల్లినీ చెల్లినీ తిట్టినవాళ్లు అప్పుడూ ఉన్నారు. కులం గొడవలు వ్యాఖ్యల పెట్టెలో వంద దాటి పోయేవి. ఫేస్‌బుక్ వచ్చాక గొడవ అంతా అక్కడికి తరలిపోయింది. మంచిగా వ్యాఖ్యలు రాసేవాళ్లు కూడా దాని వెంటే పోయారు. సరే.

బిళ్ళల గొడవ నడుస్తుండగానే దానికి అన్నగారి లాంటి పెద్ద పుకారు వచ్చింది. 2017 ఆగస్టులో కేంద్రం పార్లమెంటులో ఎఫ్ఆర్‌డీఐ బిల్లు పెట్టింది. బ్యాంకు మునిగిపోయే పరిస్థితి వస్తే ఏం చేయాలన్న బిల్లు అది. అందులో ‘బెయిల్ ఇన్’ అనే క్లాజు ఉంది. బ్యాంకు ఇవ్వవలసిన బాకీలను (డిపాజిట్లు కూడా బాకీలే) తగ్గించి దాన్ని నిలబెట్టడం అని దాని అర్థం. మన ఊళ్లకు అది చేరేసరికి ‘బ్యాంకులో డబ్బు ఉంటే గవర్నమెంటు లాగేసుకుంటుంది’ అయ్యింది. 2018 ఏప్రిల్ నాటికి రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏటీఎంల ముందు ‘నో క్యాష్’ బోర్డులు వేలాడాయి. కారణాలు చాలా ఉండొచ్చు. మా కౌంటరు దగ్గర నేను చూసింది మాత్రం భయం.

మా బ్రాంచిలో ఒక రిటైర్డు మేస్టారు ఫిక్సుడు డిపాజిట్లన్నీ పట్టుకొచ్చి ముందే రద్దు చేయమన్నారు. వడ్డీ పోతుందండీ అన్నాను. అసలే పోతుంటే వడ్డీ ఎందుకయ్యా అన్నారు. కుర్చీ వేసి కూర్చోబెట్టి గంటసేపు చెప్పాను. ఇది ఇంకా బిల్లేననీ చట్టం కాలేదనీ, బీమా ఉన్న డిపాజిట్లు ఆ క్లాజులోకి రావనీ. “బీమా ఎంత వరకు?” అన్నారు. లక్ష అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి నవ్వారు. 1993 నుంచి ఆ లక్ష లక్షగానే ఉంది. ఆయన డిపాజిట్లు పన్నెండు లక్షలు.

ఆ నవ్వు తర్వాత నాకు వాట్సాప్‌ని తిట్టడం తేలిక కాలేదు. పుకారు అబద్ధమే, కానీ అది పుట్టింది ఒక నిజం గుడ్డులోంచే. బిల్లులో ఏముందో తెలుగులో, మేస్టారికి అర్థమయ్యేలా, పేరు పెట్టి చెప్పినవాళ్లు ఎవరు? ప్రభుత్వం చెప్పలేదు. బ్యాంకులు ‘వదంతులు నమ్మవద్దు’ అని బోర్డు పెట్టాయి. వదంతి ఏమిటో, అందులో ఎంత నిజమో చెప్పకుండా నమ్మవద్దంటే ఎవరు మానుతారు? హామీ ఉన్న నోళ్లు మూసుకుంటే హామీ లేని నోళ్లే మాట్లాడతాయి. ఆ రాత్రి కూర్చుని ఎఫ్ఆర్‌డీఐ మీద పెద్ద టపా రాశాను. బీమా లక్షే ఉండటం అన్యాయమని కూడా రాశాను. మేస్టారు దాన్ని ప్రింటు తీయించి, రాసింది ఎవరో తెలియకుండానే ఊరి లైబ్రరీ గోడకు అంటించారు. నాకే చూపించి “ఎవడో గానీ బాగా రాశాడయ్యా, మీ బ్యాంకువాళ్లకంటే నయం” అన్నారు. నేను అవునండీ అన్నాను.

2018 ఆగస్టులో ఆ బిల్లును వెనక్కి తీసుకున్నారు. బీమా 2020 ఫిబ్రవరిలో ఐదు లక్షలైంది.

ఇది మన పల్లెల అమాయకత్వం అనుకునేవాళ్లకు ఇంకో సంగతి. 2023 మార్చి 9న అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్కరోజులో 42 బిలియన్ డాలర్లు వెనక్కి లాగడానికి ఆర్డర్లు పడ్డాయి. మరునాడు బ్యాంకు మూతపడింది. లాగినవాళ్లలో ఎక్కువమంది స్టార్టప్పులవాళ్లు, వాళ్లకు డబ్బు పెట్టిన ఇన్వెస్టర్లు. ట్విట్టర్లోనూ గ్రూపుల్లోనూ ఒకరి చెవిన ఒకరు ఊదుకున్నారు. ఆ బ్యాంకు జబ్బు నిజమే, వడ్డీ రేట్లు పెరిగి బాండ్లలో నష్టపోయింది. కానీ చంపింది జబ్బు కంటే ఆ వేగం. మా మేస్టారికి క్యూ ఉంది, కుర్చీ ఉంది, గంటసేపు మాట్లాడే మేనేజరు ఉన్నాడు. క్యూలో నిలబడ్డవాడికి చల్లబడటానికి కాస్త టైం ఉంటుంది. ఫోనులో క్యూ లేదు. ఫోనుతో డబ్బు కదలదని ఒకప్పుడు రాసినవాణ్ని కదా, ఆ రోజు ఆ వార్త చదువుతుంటే భయమేసింది.

ఇక స్టార్టప్పులు.

2021లో ఒక కుర్రాడు లాప్‌టాప్ పట్టుకుని నా క్యాబిన్‌లోకి వచ్చాడు. బీటెక్. బెంగుళూరులో ఉద్యోగం, కరోనా వల్ల ఇంటి దగ్గర నుంచే పని. కొబ్బరి తోటల్లో దింపు తీసే, అంటే చెట్టెక్కి కాయలు దించే కార్మికులు దొరకడం లేదు కదా, ఫోనులో నొక్కితే దింపువాడు వచ్చేలా యాప్ చేస్తానన్నాడు. ఐడియా చెడ్డది కాదు. మా పెద్దక్క తోటలో నెలన్నరకో రెండు నెలలకో జరగాల్సిన దింపు, మనిషి దొరక్క నాలుగు నెలలు పడిన రోజులున్నాయి.

“ఎంత కావాలి బాబూ?”

“పాతిక లక్షలండి. మా వాల్యుయేషన్ రెండు కోట్లు సార్.”

“రెండు కోట్లని ఆ విలువ ఎవరు కట్టారు?”

“మేమే అండి.”

నేను నవ్వలేదు. రొయ్యల చెరువుకు అప్పు అడగడానికి వచ్చే రైతు కూడా ముప్పై కౌంటు (కేజీకి ముప్పై రొయ్యలు) వస్తుందని, ఎకరానికి ఇంత పట్టుబడి అని తనే లెక్క కట్టుకుని వస్తాడు. అదీ వాల్యుయేషనే. మా గోదావరి డెల్టాలో స్టార్టప్ అన్న మాట కొత్త గానీ సంగతి కొత్త కాదు. తొంభైల మొదట్లో వరిచేలను చెరువులు చేసి టైగర్ రొయ్య వేసినవాళ్లను నేను చూశాను. మొదటి పంటకు మోటారు సైకిలు, రెండో పంటకు కారు, మూడో పంటకు మేడ. 1994-95లో వైట్‌స్పాట్ అనే రొయ్యల రోగం వచ్చింది. రాత్రి మేత తిన్న రొయ్య తెల్లారేసరికి గట్టు పక్కన తేలింది. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మేడ మీద మేడ వేద్దామనుకున్నవాళ్లు లీజు బాకీకి కింది మేడ అమ్మారు. మళ్లీ 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాకే చెరువులు నిండాయి. ఈ కథలో ఎవరూ ‘ఫౌండర్’ అనిపించుకోలేదు.

ఆ కుర్రాడికి కాగితం మీద ఒక లెక్క వేసి చూపించాను. బ్యాంకు పది లక్షలు పది శాతం వడ్డీకి ఇస్తుందనుకో. ఆ డబ్బు బ్యాంకుది కాదు, మేస్టారి లాంటివాళ్లది. వాళ్లకు వడ్డీ ఇచ్చి, జీతాలూ కరెంటు బిల్లూ పోగా మాకు మూడు శాతం మిగిలితే గొప్ప. అంటే ఏడాదికి ముప్పై వేలు. ఇలాంటి అప్పులు 33 ఇస్తే మిగిలేది 9 లక్షల 90 వేలు. 33లో ఒక్కటి మునిగితే మిగతా 32 మంది కట్టిందంతా దానికే సరి. నీ కంపెనీ వందరెట్లు పెరిగినా నువ్వు నాకు ఇచ్చేది ఆ పది శాతమే. అదే ఇన్వెస్టరైతే పదిలో తొమ్మిది మునిగినా, పదోది ఇరవై రెట్లు తెస్తే సంబరపడతాడు. నువ్వు వెళ్లవలసింది ఆయన దగ్గరికి. నా దగ్గరికి వచ్చి కాదంటే, బ్యాంకులకు కలలంటే పడదని పోస్టు పెట్టకు.

“మరి సార్, బ్యాంకులు పెద్దోళ్లకు వేల కోట్లు ఇచ్చి పోగొట్టుకోలేదా?” అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర లెక్క లేదు, సిగ్గు మాత్రం ఉంది. అదే చెప్పాను.

ఆ యాప్ ఏడాది కూడా నడవలేదు. కారణం టెక్నాలజీ కాదు. దింపు కార్మికుల్లో చాలామందికి కొబ్బరి వర్తకుల దగ్గర అడ్వాన్సు ఉంటుంది. పండక్కి, పెళ్లికి, ఆస్పత్రికి డబ్బు ఇచ్చినవాడు ఫోన్ చేస్తే వస్తారు గానీ, యాప్ మోగితే రారు. కుర్రాడు ఊళ్లో పుట్టి కూడా ఆ సంగతి యాప్ మూతపడ్డాకే తెలుసుకున్నాడు. చెరువుల్లోనూ అంతే. మేత డీలరు సీడు, మేత అప్పు పెట్టి, ధరలో తన రిస్కు కలుపుకుని, పట్టుబడి రోజున గట్టు మీద నిలబడతాడు. మంచివాడని అనను, ఆ వడ్డీ లెక్కేస్తే కళ్లు తిరుగుతాయి. కానీ మునిగితే తనూ మునుగుతాడు. డెల్టాలో ఇన్వెస్టరు అంటే ఎప్పటి నుంచో ఆయనే.

యాప్ మూసేశాక ఆ కుర్రాడు నాకు పెద్ద మెయిలు రాశాడు, ఎక్కడ తప్పు జరిగిందో ఖర్చులతో సహా. నేను చదివిన బిజినెస్ రాతల్లో అంత నిజాయితీగా రాసినవి తక్కువ. ఇది బ్లాగులో పెట్టు బాబూ, పదిమంది బాగుపడతారన్నాను. “వద్దండి. రేపు ఉద్యోగానికి వెళ్తే వాళ్లు చూస్తారు” అన్నాడు. మొదలుపెట్టిన రోజున మాత్రం లింక్డ్‌ఇన్‌లో ఫొటోతో పెట్టాడు, వందల లైకులు వచ్చాయి.

నా అసలు ఫిర్యాదు ఇదే. మా బ్యాంకుల్లో ఒక అప్పు మునిగితే, ఎవరు మంజూరు చేశారు, ఎవరు తనిఖీకి వెళ్లారు, ఎక్కడ కన్ను కప్పింది అని రిపోర్టు రాయాల్సిందే. అది రాసిన రాత్రులు నాకు నిద్రపట్టేది కాదు. స్టార్టప్పుల లోకంలో పుట్టినరోజు పండగలే తప్ప చావు కబురు చెప్పేవాళ్లుండరు. 2016 జనవరి 16న స్టార్టప్ ఇండియా మొదలైనప్పటి నుంచి నా ఫోనుకు వచ్చిన విజయగాథలు లెక్కపెట్టలేను. మూతపడ్డ కథ మూసినవాడి సంతకంతో ఒక్కటీ రాలేదు.

మాటా డబ్బూ రెండూ ఒకే పేరు కింద పెట్టినవాళ్లు మన దగ్గర లేకపోలేదు. ఏలూరు అవతల గుండుగొలనులో పుట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు చదివింది డాక్టరీ. మచిలీపట్నంలో ‘జన్మభూమి’ అని ఇంగ్లీషు పత్రిక నడిపారు. 1923లో అదే ఊళ్లో లక్ష రూపాయల మూలధనంతో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. ఇప్పటి భాషలో డాక్టరు, బ్లాగరు, ఫౌండరు. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. బోర్డులు మారిన రోజున మా ఊళ్లో ముసలాళ్లు ఎవరో పోయినట్టు మాట్లాడుకున్నారు. ఏ స్టార్టప్పైనా 96 ఏళ్ల తర్వాత అలా మాట్లాడించుకోగలిగితే నేను లేచి దండం పెడతాను.

సోషల్ మీడియా మీద ఇంతసేపు కోపం చూపించాను కాబట్టి రెండో పక్క కూడా చెప్పాలి. కడియం నర్సరీలవాళ్లు మొక్కల ఫొటోలు వాట్సాప్‌లో పంపి ఎక్కడెక్కడి రాష్ట్రాలకో లారీలు నింపుతున్నారు. వాళ్లలో ఎవరూ ఇన్వెస్టర్లకు చూపించే పిచ్ డెక్ చేయలేదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. అదే మండలం నుంచి ఒకావిడ ముద్ర లోను కోసం వచ్చింది. బోర్లించిన కుండ మీద రేకులు తీసే పని అమ్మ దగ్గర నేర్చుకుంది. కూతురు ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియోలు పెడుతుంటే ఆర్డర్లు వస్తున్నాయి. ఆస్తి కాగితాలు లేవు, ఆదాయపు పన్ను రిటర్నులు లేవు. పాతకాలమైతే “చూద్దాం అమ్మా” అని పంపేసేవాణ్ని.

“ఫోన్లో డబ్బులు పడ్డ లెక్క ఉందండి, చూస్తారా?” అంది.

రెండేళ్ల స్టేట్‌మెంటు. మూడు వందలు, ఆరు వందల యాభై, పన్నెండు వందలు. సంక్రాంతి ముందు గుట్టలు గుట్టలుగా, ఆషాఢంలో పలచగా. ఏ నెలా పూర్తిగా ఖాళీ లేదు. ఆ కాగితాలు తిప్పుతుంటే పాత బ్లాగు నెలల వరస చదువుతున్నట్టు అనిపించింది. వీడియోలో ఆవిడ కూతురు ఏం చెప్పిందో నేను చూడలేదు, చూడక్కర్లేదు. ఆవిడ మాటకు ఆ రెండేళ్ల లెక్కే హామీ పెట్టింది. ముద్రలో కిశోర్ అనే కేటగిరీ కింద నాలుగు లక్షలు ఇచ్చాం. నేను రిటైరయ్యే నాటికి ఒక్క వాయిదా తప్పలేదు.

లోన్ యాప్‌ల సంగతి పొడిగించను. ఫోనులోని నంబర్లన్నీ లాక్కుని, కట్టలేనివాడి ఫొటోను చుట్టాలకు పంపిన ఆ వ్యాపారాన్ని కూడా కొందరు ఫిన్‌టెక్ అనే పిలిచారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు ఇచ్చే లోపల ఎన్ని ఇళ్లు తగలబడాలో అన్నీ తగలబడ్డాయి. అక్కడ అప్పు తీసుకున్నవాడికి తెలియకుండానే, వాడి ఫోనులో పేరున్న ప్రతివాడినీ హామీదారును చేశారు. 128వ సెక్షను కూడా సంతకం లేకుండా అంత పని చేయదు.

మేనల్లుడికి ఇదంతా ఫోనులో చెప్పాను. “అయితే రీల్స్ చెయ్యవన్నమాట” అన్నాడు. చెయ్యను. చేసేవాళ్లంతా మోసగాళ్లని కాదు. 2024లో షేర్ మార్కెట్లను అదుపుచేసే సెబీ కూడా, రిజిస్టరు కాకుండా పెట్టుబడి సలహాలిచ్చే ఫిన్‌ఫ్లుయెన్సర్లతో తన అజమాయిషీ కింద ఉన్న సంస్థలు సంబంధం పెట్టుకోకూడదని నిబంధన తెచ్చింది. నేను అడుగుతున్నదీ అదే, సలహా తప్పయితే పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలని. “నువ్వే మారుపేరుతో రాశావు కదా మామయ్యా” అన్నాడు వెంటనే. వాడు మా వంశంలోవాడే. రిటైరయ్యాక ఆ మారుపేరు తీసేశాను. పాత టపాల కింద ఇప్పుడు నా పేరే ఉంది, ఫోనుతో డబ్బు కదలదన్న టపా కింద కూడా.

మొన్న రావులపాలెంలో మళ్లీ అదే కొట్టులో టీ తాగాను. ఇప్పుడు బల్ల మీద క్యూఆర్ కోడు, పక్కన చిన్న స్పీకరు పెట్టె. డబ్బు పడగానే అది అరుస్తుంది, ఆయన తలెత్తి కూడా చూడడు. నేను కావాలనే పది రూపాయల బిళ్ళ, పైన ఐదు బిళ్ళ ఇచ్చాను. ఐదు తీసుకున్నాడు. పదిని చూసి నన్ను గుర్తుపట్టాడు.

“మీరు బ్యాంకోరు గదండి? ఆయ్, ఉండండుండండి” అని లోపలికి వెళ్లి, పంచదార సంచి గుడ్డతో కుట్టిన మూట తెచ్చి నా ముందు పెట్టాడు. అన్నీ పది రూపాయల బిళ్ళలే. తెలిసినవాళ్లు ఇస్తే కాదనలేక తీసుకున్నవట. “ఏడేళ్ల నించి పడున్నాయండి. మీరే మార్చిపెట్టండి.”

అక్కడే కూర్చుని లెక్కపెట్టాం. 212 ఉన్నాయి. నేను రిటైరైపోయానని చెప్పాను, అయినా పర్లేదన్నాడు. జేబులో కాగితం తీసి రసీదు రాయబోతే, ఎందుకండీ అది అన్నాడు. కేజీన్నర పైన ఉంటుంది, సంచిలో వేసుకుంటే భుజం లాగింది.

మరునాడు నేను ఒకప్పుడు పనిచేసిన బ్రాంచికే వెళ్లాను. కౌంటరులో కొత్తగా చేరిన అమ్మాయి మూట విప్పి చూసి, అటూ ఇటూ చూసింది.

“సార్, ఇన్ని బిళ్ళలాండీ? ఒక్క నిమిషం, మేనేజరు గారిని అడిగొస్తాను.”